‘వేడి చేసుకుంటే చాలు’ – ఎవరి చాకిరీ తగ్గింది?

ఇంటి చాకిరీ గురించి స్త్రీల ఉద్యమం గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టి యాభై ఏళ్ళు దాటింది. వంటింటి నుంచి స్త్రీకి విముక్తి ఎలా అన్న ప్రశ్నకు మనం రకరకాల జవాబులు చెప్పుకున్నాం. మగవాళ్ళు పనిలో సగం పంచుకోవాలన్నాం. సామూహిక వంటశాలలు కావాలన్నాం. ఇంటి పనికి వేతనం ఇవ్వాలని 1972లో మరియరోసా డల్లా కోస్టా, సెల్మా జేమ్స్ లాంటివాళ్ళు ఉద్యమమే మొదలుపెట్టారు. ఈ చర్చ తేలకముందే మార్కెట్టు తన జవాబు తాను తయారుచేసి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతోంది. ‘మీరు వండనక్కర్లేదు, వేడి చేసుకుంటే చాలు’ అన్నదే ఆ జవాబు.

ఈ జవాబును మనం లోతుగా చూడలేదనే చెప్పాలి. ఒక పక్క ‘బజారు తిండి’ అని ఈసడించేవాళ్ళున్నారు. మరో పక్క ఆధునిక స్త్రీకి ఇదొక వరమని ప్రకటనలు ఊదరగొడుతున్నాయి. ఈసడించేవాళ్ళు ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారో చెప్పరు. ప్రకటనలు ఇచ్చేవాళ్ళు ఆ పొట్లంలో ఉన్నది ఎవరు చేశారో చెప్పరు. రెండుచోట్లా మాయమయ్యేది వండే మనిషే.

అందుకే ఒకే ఒక్క పొట్లాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. అది అమెరికాలో కిరాణా దుకాణంలో దొరికే, వండి సిద్ధంగా పెట్టిన బార్బెక్యూ గొడ్డు మాంసం. అంత దూరపు పొట్లం మనకెందుకంటారేమో. ఇంటి చాకిరీ, ఫ్యాక్టరీ శ్రమ, తిండి హక్కు అనే మూడు విషయాల మీద మనం మూడు వేరువేరు సభలు పెడుతుంటాం. ఆ మూడూ ఈ పొట్లంలో ఒకే చోట ఉన్నాయి.

పొట్లంలో ఏముంది?

మా అమ్మాయి పురుడుకు టెక్సాస్ వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. ఇలా వెళ్ళే తల్లుల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అమెరికాలో ప్రసూతికి జీతంతో కూడిన సెలవు ఇచ్చే జాతీయ చట్టం ఇప్పటికీ లేదు. 1993లో వచ్చిన చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది. అదీ జీతం లేకుండా, 50 మందికి పైగా పనిచేసే సంస్థల్లో, కనీసం ఏడాది పనిచేసినవాళ్ళకే. మన దేశంలో 2017 సవరణ తర్వాత సంఘటిత రంగంలో 26 వారాల సెలవు జీతంతో ఇవ్వాలి. అమెరికా కంపెనీలు ఇవ్వని ఆ సెలవును గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చిన తల్లులు, అత్తలు తమ శరీరాలతో పూడుస్తున్నారు. వాళ్ళ వీసా మీద ‘సందర్శకులు’ అని ఉంటుంది. వాళ్ళు ఎక్కువగా సందర్శించేది వంటిల్లే.

అమ్మాయి పనిలో చేరిన రెండో వారంలో, బిడ్డకు జలుబు చేసి అందరం రాత్రంతా మేలుకున్న మర్నాడు ఈ పొట్లం ఇంట్లోకి వచ్చింది. నల్లటి ప్లాస్టిక్ పళ్ళెం, పైన పల్చటి పొర, దానికి అట్ట తొడుగు. పౌను మాంసం. పొరకు నాలుగు గాట్లు పెట్టి మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాలు ఉంచమని రాసి ఉంది. తెరిస్తే మాంసం దారాలు దారాలుగా విడిపోయి, ఎర్రటి చిక్కటి సాసులో మునిగి ఉంది. నోట్లో పెట్టుకుంటే మొదట తగిలేది తీపి. తర్వాత పులుపు. ఆ తర్వాత పొగ వాసన. మాంసం రుచి నాలుగోది. నమలాల్సిన పనే లేదు. పళ్ళు లేని ముసలివాళ్ళు కూడా తినొచ్చు. మేం పచ్చి ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి, కాస్త గొడ్డుకారం చల్లుకున్నాక అన్నంలోకి బాగానే ఉంది. పావుగంటలో ముగ్గురం తిన్నాం. తోమాల్సింది మూడు కంచాలే.

అట్ట మీద రాసింది కూడా చదివాను. అమెరికాలో పొట్లం మీద దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలని నిబంధన. మొదట గొడ్డు మాంసం, వెంటనే నీళ్ళు, చక్కెర, టమాటా గుజ్జు, వెనిగర్, అట్టడుగున పొగ. అవును, పొగ కూడా ఒక దినుసే. చెక్క ముక్కలను కాల్చి, ఆ పొగను చల్లార్చి నీళ్ళలో పట్టి సీసాల్లో అమ్ముతారు. కట్టెల దగ్గర కూర్చునే మనిషి అవసరం లేకుండానే కట్టెల రుచి వస్తుంది. ఈ పొట్లం స్వభావమంతా ఆ ఒక్క దినుసులోనే ఉంది.

ఆ పొగ ఎవరిది?

అసలు బార్బెక్యూ ఐదు నిమిషాల పని కాదు. టెక్సాస్‌లో పేరుపడ్డ ‘బ్రిస్కెట్’ అనే ముక్క పశువు రొమ్ము భాగంలోది. గట్టి కండ, ఎక్కువ పీచు. ఒకప్పుడు చవక. సన్నటి సెగ మీద, పొగలో పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంచితే గానీ మెత్తబడదు. రాత్రంతా ఎవరో ఒకరు నిప్పు చూసుకుంటూ కూర్చోవాలి. ‘బార్బెక్యూ’ అన్న మాట కరీబియన్ దీవుల మూలవాసుల భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గొయ్యి తవ్వి, నిప్పులు పరిచి, జంతువును మొత్తంగా కాల్చే పని బానిసలుగా ఉన్న నల్లజాతి వాళ్ళది. తోటల యజమానుల విందులకు రాత్రంతా పొగలో కూర్చున్నది వాళ్ళే. పేరు మాత్రం యజమానులకొచ్చింది. ఈ చరిత్రను మైకేల్ ట్విట్టీ, ఏడ్రియన్ మిల్లర్ లాంటి నల్లజాతి రచయితలు తవ్వి తీసి రాశాక గానీ బయటి లోకానికి పెద్దగా తెలియలేదు.

దక్షిణ టెక్సాస్‌లో పశువుల కాపరులుగా పనిచేసిన మెక్సికన్లకు కూలిలో భాగంగా యజమానులు పశువు తలకాయ, పేగులు, పొట్ట దగ్గరి పీచుకండ ఇచ్చేవాళ్ళు. తలకాయను గోతిలో పెట్టి రాత్రంతా ఉడికించి ‘బార్బకోవా’ అన్నారు. ఆ పీచుకండే తర్వాతి కాలంలో ‘ఫహీటా’ అన్న పేరుతో పెద్ద హోటళ్ళకెక్కి ఖరీదైపోయింది.

ఈ కథ మనకు కొత్తదా? దొరలు, ఆసాములు వద్దన్న మాంసాన్ని మన పల్లెల్లో, వాడల్లో ఏం చేశారో గుర్తు చేసుకోండి. గొడ్డును కోసి పోగులు పెట్టుకునేవాళ్ళు. కోయడం మగవాళ్ళ పని. ఆ తర్వాతిదంతా ఆడవాళ్ళ పని. పేగులు కాలవ దగ్గరికి మోసుకెళ్ళి తిరగేసి కడగడం, మాంసాన్ని సన్నగా, పొడుగ్గా చీరడం, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరెయ్యడం, కాకులు రాకుండా, కుక్కలు రాకుండా ఎండలో కాపలా కాయడం. ఆ తునకలే వానాకాలంలో పనుల్లేని రోజులకు ఆధారం. పొద్దు గూకాక పొలం నుంచి వచ్చిన స్త్రీ నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి, నలగ్గొట్టి, సంగటిలోకో అన్నంలోకో పెట్టేది. గోంగూరలోనో దోసకాయలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర.

అంటే ‘ముందే సిద్ధం చేసి ఉంచుకోవడం’ సూపర్ మార్కెట్టు కనిపెట్టింది కాదు. ఒక కాలంలో పడిన కష్టంతో ఇంకో కాలంలో సమయం ఆదా చేసుకోవడం శ్రామిక స్త్రీలకు ఎప్పటి నుంచో తెలిసిన విద్య. తేడా ఎక్కడంటే, తునకలు తిన్నవాళ్ళకు అవి చీరిన చేతులు తెలుసు. ఎండలో ఎవరు కూర్చున్నారో తెలుసు. పొట్లం తిన్నవాళ్ళకు ఏ చేయీ తెలియదు.

ఆదా అయిన సమయం ఎవరికి చేరింది?

అమెరికాలో స్వాన్సన్ అనే కంపెనీ అల్యూమినియం పళ్ళెంలో గడ్డకట్టించిన భోజనాన్ని ‘టీవీ డిన్నర్’ పేరుతో 1954లో దేశమంతా అమ్మింది. 1967లో ఇంట్లో బల్ల మీద పెట్టుకునే మైక్రోవేవ్ వచ్చింది. ఒక్కో వస్తువు వచ్చినప్పుడల్లా ఇక గృహిణికి పని లేదన్నారు. రూత్ స్క్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో ఈ మాటను పరీక్షకు పెట్టింది. యంత్రాలు వచ్చాక పని బరువు తగ్గినా, తల్లి పనిగంటలు అనుకున్నంతగా తగ్గలేదని ఆమె చూపించింది. కారణం సులువైనదే. పిండి మర వచ్చాక, గ్యాసు పొయ్యి వచ్చాక తగ్గింది ఎక్కువగా మగవాళ్ళ, పిల్లల వంతు పని. కట్టెలు కొట్టే పని పోయింది, వండే పని మిగిలింది. పైగా శుభ్రతకూ రుచికీ కొలతలు పెరిగాయి. వారానికొకసారి ఉతికే బట్టలు రోజూ ఉతకాల్సి వచ్చింది.

మన దగ్గరా మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది, ప్రెషర్ కుక్కర్ వచ్చింది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ఏం చెప్పింది? జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు గడుపుతున్నారు. ఆ పని చేస్తున్నామన్న మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. పైగా ఇంటి పని చేస్తున్నామన్న మగవాళ్ళే తక్కువమంది. ఏ యంత్రమూ ఈ తేడాను చెరపలేదు.

అమెరికాలోని మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. భర్త ఉద్యోగ వీసా మీద వెంట వెళ్ళిన భార్యలకు చాలాకాలం పనిచేసే హక్కే లేదు. 2015 మే నుంచి, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే అనుమతి ఇస్తున్నారు. మిగిలినవాళ్ళకు ఇప్పటికీ లేదు. ఇంజనీరింగు చదివి, ఇక్కడ ఉద్యోగాలు వదులుకుని వెళ్ళిన అమ్మాయిలు వాళ్ళు. వేడి చేసే పొట్లం వాళ్ళకు గంట సమయం ఆదా చేస్తుంది సరే, ఆ గంటను అమ్ముకునే హక్కు ఎక్కడుంది? అందుకే ‘ఖాళీగానే ఉన్నావు కదా, బజారు తిండి ఎందుకు’ అన్న మాట వాళ్ళకు మొదట తగులుతుంది.

అయినా పొట్లంలో ఒక మంచి ఉందని నేను అనుకుంటున్నాను. వంట రాదని తప్పించుకునే మగవాడికి అది సాకు లేకుండా చేస్తుంది. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్ దేశంలో నూటికి తొంభై మంది స్త్రీలు ఆఫీసు పనీ, ఇంటి పనీ రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. ఆ రోజు దుకాణాల్లో సాసేజీలు అయిపోయాయని ఆ దేశంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలకు తిండి పెట్టాల్సిన తండ్రులందరూ వేడి చేస్తే చాలు అనిపించే మాంసం కోసం ఎగబడ్డారన్నమాట. ఒక్కరోజు సమ్మె ఆ తండ్రులకు నేర్పిన పాఠం ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా వచ్చేది కాదు.

కాబట్టి ‘అమ్మ చేతి వంట’ మాయమైపోతోందని కన్నీరు పెట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ వంట గొప్పతనం గురించి ఎక్కువ మాట్లాడేది దాన్ని తిన్నవాళ్ళే గానీ వండినవాళ్ళు కాదు. అలసిపోయిన స్త్రీ ఒక పూట పొట్లం వేడి చేసి పెడితే అది ఆమె ప్రేమలో లోటు కాదు. ఆమె విశ్రాంతి ఆమె హక్కు. పొట్లం కొన్న స్త్రీని దోషిగా నిలబెట్టే ఏ వాదనా మన వాదన కాకూడదు.

చాకిరీ ఎక్కడికి పోయింది?

అయితే చాకిరీ మాయం కాదు, ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుంది. ఈ పొట్లంలో అది వంటింటి నుంచి కోత ఫ్యాక్టరీకి పోయింది.

1906లో అప్టన్ సింక్లెయిర్ రాసిన ‘ది జంగిల్’ నవల షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో వలస కార్మికుల బతుకు చెప్పింది. దేశం అట్టుడికింది. అదే ఏడాది జూన్‌లో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. కానీ అది తినేవాళ్ళ కడుపు కోసం వచ్చిన చట్టం, కోసేవాళ్ళ చేతుల కోసం కాదు. పనిచేసేచోట భద్రత కోసం జాతీయ చట్టం రావడానికి 1970 దాకా పట్టింది. ఈనాటికీ ప్రతి పొట్లం మీదా ఒక గుండ్రటి ముద్ర, అందులో ఫ్యాక్టరీ నంబరు ఉంటాయి. మాంసం పాడైతే ఎక్కడ తయారైందో ఆ నంబరుతో కనిపెట్టవచ్చు. అక్కడ పనిచేసే స్త్రీకి వేళ్ళు తెగితే, మణికట్టు నరాలు చచ్చుబడితే చెప్పే ముద్ర ఏదీ లేదు.

ఒకప్పుడు మాంసం కోయడం నైపుణ్యమున్న పని, సంఘం ఉన్న పని, మంచి జీతం ఉన్న పని. 1960ల నుంచి కంపెనీలు ఆ పనిని ముక్కలు చేశాయి. పశువు కదిలే గొలుసుకు వేలాడుతూ వస్తుంటే ఒక్కో మనిషి రోజంతా ఒకే కోత కోస్తాడు. ఒకే కోత, వేలసార్లు. ఫ్యాక్టరీలు పెద్ద నగరాల నుంచి సంఘాలు లేని చిన్న ఊళ్ళకు తరలిపోయాయి. జీతాలు పడిపోయాయి. మెక్సికో, గ్వాటెమాలా, సోమాలియా, బర్మాల నుంచి వచ్చిన వలస స్త్రీ పురుషులు ఆ గొలుసు ముందు నిలబడ్డారు. ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచిన పశువుల్లో నూటికి ఎనభైకి పైగా నాలుగు కంపెనీల చేతుల మీదుగానే కోతకు వెళుతున్నాయి. పశువును పెంచే రైతుకు బేరమాడే శక్తి లేదు, కోసే కార్మికురాలికీ లేదు.

2008 మే 12న అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్ళో మాంసం ఫ్యాక్టరీ మీద వలస అధికారులు దాడిచేసి 389 మందిని అరెస్టు చేశారు. పిల్లలున్న తల్లులు కొందరిని విడిచిపెట్టారు. ఊరికే కాదు, కాలికి ఎలక్ట్రానిక్ కడియం తొడిగి. పని చేసుకోవడానికి వీల్లేదు, ఊరు విడిచి పోవడానికి వీల్లేదు, పిల్లల్ని మాత్రం సాకాలి. ఆ కడియంలో రాజ్యమూ పితృస్వామ్యమూ ఎలా కలిసిపోయాయో వేరే చెప్పాలా?

2020లో కోవిడ్ వచ్చినప్పుడు దేశమంతా ఇళ్ళలో ఉండమన్నారు. ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ మాంసం ఫ్యాక్టరీలను మాత్రం నడపాలని ఉత్తర్వు ఇచ్చాడు. భుజం భుజం రాసుకుంటూ నిలబడే పని అది. ఐదు పెద్ద కంపెనీల్లోనే మొదటి ఏడాదిలో కనీసం 59,000 మందికి జబ్బు సోకిందనీ, 269 మంది చనిపోయారనీ ఆ దేశ ప్రతినిధుల సభ ఉపసంఘం 2021 అక్టోబర్‌లో చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఇంకో సంగతి బయటపడింది. ఫ్యాక్టరీలను రాత్రిపూట కడిగే ఒక కాంట్రాక్టు కంపెనీ 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని కనీసం 102 మందిని, 8 రాష్ట్రాల్లోని 13 ఫ్యాక్టరీల్లో పనికి పెట్టిందని కార్మిక శాఖ తేల్చింది. ఎముకలు కోసే రంపాలను ఘాటు రసాయనాలతో కడిగే పని. కంపెనీ మీద వేసిన జరిమానా 15 లక్షల డాలర్లు. పగలు బడి, రాత్రి రంపం. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో.

కోళ్ళ ఫ్యాక్టరీల్లో మూత్రానికి వెళ్ళనివ్వక కార్మికులు డైపర్లు వేసుకుని నిలబడుతున్నారని 2016లో ఆక్స్‌ఫామ్ నివేదిక చెప్పింది. నెలసరిలో ఉన్న స్త్రీ, గర్భిణి స్త్రీ ఆ వరసలో ఎలా నిలబడుతుందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. మన జౌళి మిల్లుల్లో, రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు ఇదే చెబుతారు.

అయితే మానేద్దామా?

ఇదంతా విన్నాక ‘అందుకే మాంసం మానాలి’ అని ఎవరైనా అనవచ్చు. మానడం, మానకపోవడం ఎవరిష్టం వాళ్ళది. కానీ మానినంతమాత్రాన చేతులు శుభ్రం కావు. అదే పొట్లంలో టమాటా గుజ్జు కూడా ఉంది. ఫ్లోరిడాలోని ఇమోకలీ ప్రాంతంలో టమాటాలు కోసే వలస స్త్రీలు ఏళ్ళ తరబడి లైంగిక వేధింపులు, కూలి ఎగవేతలు భరించారు. కందిపప్పులోనూ, పత్తిలోనూ, మిరపకాయలోనూ ఎవరి నడుములు విరుగుతున్నాయో మనకు తెలియంది కాదు. శాకాహారం శ్రమ దోపిడీకి విరుగుడు కాదు.

ఇమోకలీ కార్మికులు మాత్రం ఒక దారి చూపించారు. 1993లో సంఘటితం కావడం మొదలుపెట్టి, వినియోగదారులనూ విద్యార్థులనూ కలుపుకుని, టమాటాలు కొనే పెద్ద కంపెనీల మీద ఒత్తిడి తెచ్చారు. పౌనుకు ఒక్క పెన్నీ అదనంగా ఇవ్వాలనీ, కార్మికులే రాసుకున్న నియమాలు పాటించే తోటల నుంచే కొనాలనీ ఒప్పందాలు చేయించారు. 2011 నుంచి ఆ ఒప్పందాలు తోటల్లో అమలవుతున్నాయి. లైంగిక వేధింపులను సహించిన తోట పెద్ద గిరాకీని పోగొట్టుకుంటుంది. అంటే కొనడం మానుకోవడం కంటే కోసేవాళ్ళతో చేతులు కలపడం ఎక్కువ పనిచేసింది.

తినే హక్కు సంగతి

ఇక మూడో విషయం. ఆ దుకాణంలో గొడ్డు మాంసం రొట్టెల పక్కన, పాల పక్కన అరలో ఉంటుంది. కొనేవాళ్ళను ఎవరూ కులం అడగరు, గుమాస్తా మొహం తిప్పుకోడు. సంచిలో దాచుకుని రానక్కర్లేదు. మా చిన్నప్పుడు పెద్దమాంసం తెచ్చేటప్పుడు ఆకుల్లో చుట్టి, పైన గుడ్డ కప్పి, ఊళ్ళోంచి కాకుండా డొంకదారిన తెచ్చేవాళ్ళం. బడిలో ‘ఏం కూర?’ అని అడిగితే పప్పు అనేవాళ్ళం.

మరి ఆ దేశంలో ఉన్న తెలుగువాళ్ళ మధ్య ఈ భయం పోయిందా? పోలేదు. గది అద్దెకిచ్చే ప్రకటనల్లో ‘శాకాహారులకు మాత్రమే’ అని చూశాను. నలుగురు ఆడపిల్లలు కలిసి ఉండే ఇంట్లో మైక్రోవేవ్‌లో ‘అది’ పెట్టకూడదన్న నియమం గురించి విన్నాను. వారాంతం విందుల్లో ‘మీరు బీఫ్ తింటారా?’ అన్నది ఆహారం గురించిన ప్రశ్న కాదు, కులం గురించిన ప్రశ్న. అగ్రకులపు అబ్బాయి హాంబర్గర్ తింటే అది అమెరికా అలవాటు. మన పిల్ల తింటే అది పుట్టుక. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది, ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభలో నెగ్గినా అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశాడు. కులం వీసా లేకుండానే సముద్రం దాటిందని చెప్పడానికి ఈ రెండు సంగతులు చాలు.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల్లో 1977 నాటి చట్టం ఉంది. అది ఆవులనూ దూడలనూ కోయడాన్ని నిషేధిస్తుంది. ఎద్దులు, గేదెల విషయంలో పనికి, పాడికి పనికిరావన్న ధ్రువపత్రం అడుగుతుంది. తినడం నేరమని అనదు. కానీ 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ జరుపుకుంటే దాడులు జరిగాయి. 2015 సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి దగ్గర ఇంట్లో గొడ్డు మాంసం ఉందన్న పుకారుతో ఒక మనిషిని కొట్టి చంపారు. చట్టం చెయ్యలేని పని గుంపులు చేస్తున్నాయి. ఇంట్లోకి జొరబడి గిన్నె మూత తీసి చూసేవాళ్ళకు మొదట ఎదురుపడేది వంటింట్లో ఉన్న స్త్రీ. అందుకే తిండి హక్కు స్త్రీల హక్కు.

మనం ఏం చెయ్యాలి?

మన ఊళ్ళలో కూడా వంట ఇల్లు దాటుతోంది. హైదరాబాదు, విజయవాడల్లో సందుకో కర్రీ పాయింటు వెలిసింది. సాయంత్రం పొట్లం కట్టించుకుని అన్నం ఒక్కటి వండుకునే ఇళ్ళు పెరిగాయి. మంచిదే. కానీ లోపల పెద్ద బానళ్ళ ముందు నిలబడేవాళ్ళకు పనిగంటలు ఎన్ని, కూలి ఎంత, కాలిన చేతికి వైద్యం ఎవరు చేయిస్తారు? బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేవాళ్ళలో అత్యధికులు స్త్రీలు. వాళ్ళకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవవేతనం అంటారు. కేంద్రం 2009లో దాన్ని నెలకు 1,000 రూపాయలుగా, ఏడాదిలో పది నెలలకే లెక్కగట్టింది. ఆపైన రాష్ట్రాలు కలిపి ఇచ్చేది ఇస్తున్నాయి. దళిత స్త్రీ వండితే పిల్లల్ని తిననివ్వని ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో చేస్తే ప్రేమ, బయట చేస్తే గౌరవం. వేతనం మాత్రం ఎక్కడా లేదు.

కాబట్టి మన సంఘాలు మూడు పనులు కలిపి చెయ్యాలని నా అభిప్రాయం. ఒకటి, ఇంటి పని పంపకం గురించి మాట్లాడేటప్పుడు ‘బయట కొనుక్కోవచ్చుగా’ అన్న జవాబుతో సరిపెట్టుకోకూడదు. బయట వండే స్త్రీ కూలి గురించి అదే సభలో అడగాలి. కర్రీ పాయింట్లు, క్యాంటీన్లు, హాస్టళ్ళ వంటవాళ్ళను కనీస వేతనాల కిందికి, బీమా కిందికి తేవడానికి, మధ్యాహ్న భోజన కార్మికులను కార్మికులుగానే గుర్తించడానికి వాళ్ళ సంఘాలతో కలిసి నిలబడాలి. రెండు, మన సమావేశాల్లో, శిక్షణ శిబిరాల్లో భోజనం ఎవరు వండుతున్నారో, వాళ్ళకు ఎంత ఇస్తున్నామో లెక్కల్లో రాయాలి. హక్కుల మీద మూడు రోజుల శిబిరం పెట్టి, వంటమనిషి మూడు రోజులూ పొయ్యి దగ్గరే ఉండిపోతే అది ఏ హక్కుల శిబిరం? మూడు, ఆ శిబిరాల్లో ‘అందరికీ సరిపోతుంది’ అన్న పేరుతో ఎప్పుడూ పప్పూ సాంబారే పెట్టే అలవాటును ప్రశ్నించాలి. అందరికీ సరిపోయే తిండి అని ఎవరు తేల్చారు? తునకల కూర తినే అక్క తన కూరను తలెత్తుకుని మన పంక్తిలో పెట్టుకోగలగాలి.

స్త్రీకి పొయ్యి దగ్గర గంటలు తగ్గాలి, సందేహం లేదు. కానీ ఆ గంటలు ఇంకో స్త్రీ మణికట్టు మీద, ఇంకో పిల్ల నిద్ర మీద పడకూడదు. అలా పడకుండా చూసే పని ఏ కంపెనీ అట్ట మీదా రాసి ఉండదు. అది మనమే చేసుకోవాల్సిన పని.